మనలాంటివాళ్లు కలిస్తే ఒరిగేదేమిటి?

ఇంట్లో రోగిని చూసుకుంటున్నవారి ప్రశ్నలకు, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్‌)లో నర్సుగా పనిచేసి రిటైరైన మా రచయిత్రి జవాబులు

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడకి అల్జీమర్స్ అని డాక్టర్లు చెప్పి నాలుగేళ్లయింది. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి అమెరికాలో ఉంటారు. వంట, ఆవిడ స్నానం, మందులు అన్నీ నేనే చూసుకుంటాను. మొన్న ఆసుపత్రిలో ఓపీ దగ్గర గోపాలపట్నం ఆయన ఒకరు పరిచయమయ్యారు. వాళ్లావిడదీ ఇదే జబ్బు. "మనలాంటివాళ్లం నలుగురం నెలకోసారి కలుసుకుందాం" అని ఫోన్లు చేస్తున్నారు. నాకు మనస్కరించడం లేదు. ఒకరి ఏడుపు ఇంకొకరు వింటే ఒరిగేదేమిటి? పైగా నాతో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి. ఆవిడ పరిస్థితి పరాయివాళ్ల ముందు చెప్పుకోవడం ద్రోహం కాదా? ఇంకో మాట. ఈ మధ్య రాత్రిపూట ఆవిడ పదేపదే లేచి వీధి తలుపు తీస్తుంటే చెయ్యెత్తేంత కోపం వస్తోంది. ఇది ఎవరికీ చెప్పలేదు.
(పేరు వద్దన్నారు), కూర్మన్నపాలెం

జవాబు: అన్నగారూ, మీరు ఆఖరున పెట్టిన మాటకే ముందు జవాబు చెబుతాను. మీ ఉత్తరంలో అసలు సంగతి అదే.

చెయ్యెత్తేంత కోపం మీ ఒక్కరికే రాలేదు. రాత్రిళ్లు నిద్ర లేనివాళ్లకి, ఒకే ప్రశ్నకి పదిసార్లు జవాబు చెప్పేవాళ్లకి వస్తుంది. వచ్చినప్పుడు ఆవిడ పడిపోకుండా మంచం మీదో కుర్చీలోనో కూర్చోబెట్టి, వీధి తలుపుకి గడియ వేసి, మీరు అవతలి గదిలోకి వెళ్లిపోండి. వాదించకండి. "మా ఇంటికి వెళ్లిపోతాను" అని ఆవిడ అంటే "ఇదే కదా మన ఇల్లు" అని రుజువు చేయబోకండి. "కాఫీ తాగి వెళ్దువుగానిలే" అనండి. రాత్రి లేవడం గురించి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఎక్కడో నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పగలంతా కునుకు తీయడం, వీటిలో ఏదున్నా రాత్రి పడుకోనివ్వదు. వాళ్లేమో నోరు తెరిచి చెప్పలేరు. చెయ్యి నిజంగానే పడినా, మీకే బతుకు మీద విసుగొచ్చినా, కలుసుకోవడాలూ కబుర్లూ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి చేయండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత లైను. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు గోపాలపట్నం ఆయన సంగతి. వెళ్లమనే చెబుతాను. "ఎవరికీ చెప్పలేదు" అని రాశారు చూడండి, అది చెప్పుకోవడానికి వెళ్లండి. అబ్బాయికి చెబితే భయపడి, "అమ్మని ఏదైనా హోమ్‌లో చేర్చేద్దాం నాన్నా" అంటాడు. పక్కింటివాళ్లకి చెబితే మొహం అదోలా పెడతారు. అందరికంటే కష్టం మిమ్మల్ని పొగిడేవాళ్లతో. "మగవాడై ఉండి ఇంత సేవా! మీరు దేవుడండీ" అనేశాక, ఆ దేవుడు ఇంక నోరెలా విప్పుతాడు? (కోడళ్లకి ఈ పొగడ్త కూడా దొరకదు. "చెయ్యక తప్పుతుందా" అంటారు. వాళ్ల నోరు అలా మూతపడుతుంది.) గోపాలపట్నం ఆయనకి చెబితే మాత్రం, చాలావరకు, "నాకూ వచ్చిందండీ" అంటారు. తర్వాత, వచ్చిన రోజు ఆయన ఏం చేశారో చెబుతారు. నేను నర్సుని. పై పేరాలో నేను చెప్పింది మీకు ఉపదేశంలాగే వినిపించి ఉంటుంది. అదే ముక్క ఆయన నోట వింటే అలా ఉండదు.

మీరు ఫర్నేస్ దగ్గర పనిచేసినవారు. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ చేసే ఉంటారు. నాలుగేళ్లపాటు రిలీవర్ రాని డ్యూటీ ఎప్పుడైనా చేశారా? అలాగని ఈ కలిసేవాళ్లు మీకు రిలీవర్లు కారు, ముందే చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఆవిడకి అన్నం మీరే కలిపి పెట్టాలి.

అయినా ఇలా కలవడం ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు. 1923లో పెట్టిన మా కేజీహెచ్‌లో ఏ వార్డు వరండాలో నిలబడినా కనిపిస్తుంది. శ్రీకాకుళం, పాడేరు, కొరాపుట్, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రోగి మంచం మీద, అటెండెంటు మంచం కింద చాప మీద. వచ్చిన రోజు ఎవరి మూట వాళ్లది. తర్వాత చూస్తే, ఒకావిడ రెండు మంచాల సెలైన్ బాటిళ్ల మీదా కన్నేసి ఉంచుతుంది, రెండో ఆవిడ కిందికెళ్లి ఇద్దరికీ టిఫిన్ పొట్లాలు తెస్తుంది. స్కానింగుకి ఏ వైపు వెళ్లాలో, ఏ కాగితానికి జిరాక్స్ అడుగుతారో మా కంటే వాళ్లే ముందు చెబుతారు. ఓసారి నా నైట్ డ్యూటీలో, భర్తకి కాలు తీసేయాలని తెలిసిన ఒడియా ఆవిడ గోడకి జారబడి కూర్చుంది. ఆవిడకి తెలుగు ముక్క రాదు. పక్క మంచం తాలూకు విజయనగరం ఆవిడకి ఒడియా రాదు. ఆ విజయనగరం ఆవిడ లేచి వెళ్లి, ఆమె జడ విప్పి, తలకి నూనె రాసి, చిక్కు తీసి మళ్లీ అల్లింది. మేం డాక్టర్లూ నర్సులూ ఆ రాత్రి ఆమెకి ఇచ్చింది సంతకం పెట్టాల్సిన కాగితం.

1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన దీన్ని వైద్యంలోనే భాగం చేశారు. అప్పట్లో పిచ్చాసుపత్రి అంటే మనిషిని వదిలేసి వెళ్లిపోయే చోటు. ఆయన ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్లనీ ఉండమన్నారు. అందర్నీ కలిపి కూర్చోబెట్టి జబ్బు గురించి మాట్లాడేవారు. డబ్బూ సిబ్బందీ చాలీచాలని ఆసుపత్రిలో ఆయనకి దొరికిన పెద్ద బలగం ఆ ఇంటివాళ్లే.

మీరు ఇంజినీరింగ్ వైపు మనిషి, లెక్క చూపించమంటారేమో. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిటిల్‌మన్ బృందం చేసిన అధ్యయనం ఒకటి 2006లో అచ్చయింది. అల్జీమర్స్ వచ్చిన భర్తనో భార్యనో ఇంట్లో చూసుకుంటున్న 406 మంది అందులో ఉన్నారు. కొందరికి మామూలుగా అందే సాయమే అందించారు. మిగిలినవాళ్లకి కుటుంబంతో కలిపి కౌన్సెలింగ్ ఇచ్చారు, ఎప్పుడు కావాలన్నా ఫోన్లో పలికే కౌన్సెలర్‌ని ఇచ్చారు, తమలాంటివాళ్ల బృందంలో చేర్చారు. ఈ రెండో రకం వాళ్ల ఇళ్లలో, రోగిని సంరక్షణ కేంద్రానికి పంపాల్సిన రోజు లెక్క ప్రకారం 557 రోజులు వెనక్కి జరిగింది. ఏడాదిన్నర అన్నమాట. బృందం ఒక్కటే ఆ పని చేసిందని నేననను, మూడూ కలిసి చేశాయి. కానీ ఆ సాయమంతా రోగికి కాదు, రోగిని చూసుకునే మనిషికి చేసింది. ఇంట్లో ఎక్కువ రోజులున్నది మాత్రం రోగి.

ఇక ఏడుపు. మా అత్తగారికి ఈ జబ్బు ముదిరిన రోజుల్లో మేం కొందరం ఎంవీపీ కాలనీ దగ్గర శివాజీ పార్కులో కలిసేవాళ్లం. ఏడ్చింది తక్కువ, నవ్వింది ఎక్కువ. జాలారిపేట నుంచి ఆటో నడిపే తమ్ముడొకడు వచ్చేవాడు. "మా యమ్మ నన్ను సూసి మా నాయననుకుంతాది మేడమ్. డబ్బులేవీ, మొత్తం తాగీసినావా అని తిడతాది" అని చెప్పేవాడు. పాపం వాడికి టీ తప్ప వేరే అలవాటు లేదు. అక్కయ్యపాలెం వదిన ఒకరుండేవారు. ముప్పై ఏళ్లు కోడల్ని నిలబెట్టి మాట్లాడిన అత్తగారు, ఇప్పుడు ఆవిడని పట్టుకుని "అమ్మా, నేను అన్నం తినొచ్చా" అని అడుగుతోందని ఓరోజు చెప్పారు. అందరం గమ్మున ఉండిపోయాం. "పాత బాకీ వడ్డీతో సహా వసూలైంది కదా వదినా" అన్నారు రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన. ఆవిడ పడీ పడీ నవ్వి, ఆ తర్వాత చాలాసేపు కళ్లు తుడుచుకున్నారు. ఇదే జోకు బంధువుల పెళ్లిలో వేస్తే ఆయన మీద చెప్పులు పడేవి.

పనికొచ్చే కబుర్లూ అక్కడే దొరికాయి. అద్దంలో తన నీడ చూసి, ఎవరో ఆడమనిషి ఇంట్లో దూరిందని మా అత్తగారు గొడవ చేస్తుంటే, అద్దం మీద దుప్పటి కప్పమన్నది ఆ వదినే. వీధి తలుపు గోడలో కలిసిపోయేలా గోడ రంగు కర్టెన్ వేయమన్నది ఆటో తమ్ముడు. తలుపు కంటికి ఆనకపోతే వాళ్లమ్మ అటు వెళ్లడం మానేసిందట. మీరూ వేసి చూడండి, వంద రూపాయల గుడ్డ. ఆవిడ జాకెట్‌కి లోపలివైపు మీ ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క కుట్టండి. పక్షవాతం వచ్చినవాళ్లకి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే కాగితం) కోసం స్లాట్లు ఎప్పుడు తెరుస్తున్నారో మా అందరికీ ముందు చెప్పేది లెక్చరర్ గారే.

ద్రోహం అన్నారు. ఆ సంకోచం మంచిదే, ఉంచుకోండి. ఆవిడ కథ చెప్పకండి, మీ కథ చెప్పండి. ఆవిడ పక్క తడుపుకుంటోందన్నది ఆవిడ సంగతి. తెల్లవారుజామున ఆ దుప్పటి ఉతుకుతుంటే మీకేమనిపించిందన్నది మీ సంగతి. ఆవిడ ఫోటోలు, వీడియోలు ఎవరికీ పంపకండి. "చూడండి ఎలా చేస్తోందో" అని వాట్సాప్‌లో పెట్టేవాళ్లుంటారు, అలాంటివాళ్లని మొదటిసారే ఆపేయండి.

మీరు కూర్మన్నపాలెం, ఆయన గోపాలపట్నం కాబట్టి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఎక్కడైనా కూర్చుని టీ తాగండి. పొద్దున్న పదకొండుకి పెట్టుకోండి. ఈ జబ్బున్నవాళ్లకి పొద్దువాలేకొద్దీ కంగారు పెరుగుతుంది, ఆ వేళకి మీరు ఇంట్లో ఉండాలి. ఆ రెండు గంటలూ ఆవిడ దగ్గర ఎవరుంటారన్నదే చిక్కు. పనిమనిషికి ఆ పూటకి విడిగా డబ్బిచ్చి కూర్చోబెట్టండి. లేదంటే, "ఏదైనా కావాలంటే మొహమాటపడకండి" అని నాలుగేళ్లుగా అంటున్న ప్లాంట్ స్నేహితులున్నారు కదా, ఫలానా రోజు పదకొండు నుంచి ఒంటిగంట దాకా దంపతులిద్దరూ వచ్చి మా ఇంట్లో కూర్చోండి అని అడగండి. ఏదీ కుదరకపోతే కలవకండి. ఆవిడ పడుకున్నాక గోపాలపట్నానికి ఒక ఫోన్ చేయండి. ఇద్దరున్నా చాలు. ఇంకా కావాలంటే మీ కాలనీలోనే దొరుకుతారు. మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) ఉందని, మొత్తం 88 లక్షల మంది ఉంటారని అంచనా. అంతమంది రిటైరైనవాళ్లున్న చోట మీరిద్దరే ఎందుకుంటారు? తలుపులేసుకుని ఉన్నారంతే.

చెడిపోయే దారులు కూడా చెబుతాను, ఎందుకంటే ఇలాంటివి చెడిపోవడం నేను చూశాను. ఒకరు డాక్టరైపోతారు. "మా ఆవిడకి ఈ నిద్రమాత్ర రాశారు, సగం విరిచి మీ ఆవిడకీ వేయండి" అంటారు. వేయకండి. ఈ జబ్బులో నిద్రమాత్రలతో అయోమయం ఇంకా పెరగొచ్చు, తూలి పడి తుంటి విరగొచ్చు. ఇంకొకరు "మీదేం కష్టం, మా ఇంటికొచ్చి చూడండి" అని పోటీ పెడతారు. ఒకరే గంటసేపు మాట్లాడి మిగిలినవాళ్లు తలూపుతుంటే మూడోసారికి ఎవరూ రారు, గడియారం చూసి వంతు మార్చండి. డబ్బు అప్పులు, చీటీలు వద్దే వద్దు. విశాఖలో నలుగురు కలిసిన ప్రతిచోటా ఎవరో ఒకరు చీటీ మొదలెడతారు, ఎందుకో మరి!

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. సీతమ్మధారలో మా అమ్మకి పక్షవాతం, మా వదిన చూసుకుంటోంది. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తాను, ఫిజియోథెరపీ వీడియోలు, మంచి ఆర్టికల్స్ పంపుతుంటాను. ఈ మధ్య వదిన ముభావంగా ఉంటోంది. "నెలకోసారి కొందరు ఆడవాళ్లం కలుస్తున్నాం" అని చెప్పింది. అక్కడ మా గురించి ఏం మాట్లాడుతోందో అని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాట్లాడుతుందమ్మా. మీ వీడియోల గురించే మాట్లాడుతుంది, మాట్లాడనివ్వండి. అక్కడ మిమ్మల్ని రెండు మాటలు అనేసి వస్తే, ఆదివారం మీ ఫోన్ ఎత్తి కాస్త తీరిగ్గా మాట్లాడగలుగుతుంది.

ఆర్టికల్స్ ఆపేయండి. ఫోన్ చేసినప్పుడు అమ్మ ఎలా ఉందని కాకుండా వదిన ఎలా ఉందని ముందు అడగండి, జవాబు పూర్తయ్యేదాకా అమ్మ మాట ఎత్తకండి. పగలు ఆరేడు గంటలుండే ఆయాకి అయ్యే డబ్బు మీరు నేరుగా పంపండి, దాన్ని ఎలా ఖర్చుపెట్టారని అడగకండి. ఈసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే "అమ్మ చిక్కిపోయింది" అనకుండా ఉండగలరేమో చూడండి, అది నిజంగా కష్టమే. పది రోజులు మీరే ఉండి, అమ్మని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ, వదినని పుట్టింటికి పంపండి. ఆ పది రోజుల తర్వాత మీరే ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటానంటారు.

ప్రశ్న: మా పాపకి సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు. థెరపీ సెంటరు బయట బెంచీ మీద ఎదురుచూసే తల్లులం ఆరుగురం స్నేహితులమయ్యాం. పిల్లల బట్టలు, బూట్లు మార్చుకుంటాం, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు వాళ్ల బిడ్డని కూడా ఆటోలో తీసుకొస్తాం. మూడు నెలల కిందట మాలో ఒకామె బాబు న్యుమోనియాతో చనిపోయాడు. ఆమె రావడం మానేసింది. పిలుద్దామంటే మా పిల్లల్ని చూసి బాధపడుతుందేమోనని భయం. పిలవకపోతే మరిచిపోయామనుకుంటుందేమో. ఏం చేయాలి?
మధురవాడ

జవాబు: ఆమె తరఫున మీరు ఐదుగురూ నిర్ణయించేసి కూర్చున్నారు, ఆమెనే అడగండి. బిడ్డ పోతే ఆ తల్లికి బిడ్డ ఒక్కడే పోడు. పొద్దున్నే ఆటో, బెంచీ, మీ కబుర్లు, ఏళ్లుగా అలవాటైన దినచర్య అంతా ఒక్కరోజులో పోతుంది. బంధువులు పెద్దకర్మ దాకా ఉంటారు, ఆపైన ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోతారు. మీరు వెళ్లాల్సింది ఇప్పుడే.

ఐదుగురూ ఒక్కసారి వెళ్లకండి, ఇద్దరు చాలు. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లకండి. బాబుని పేరుతోనే తలుచుకోండి. వాడి అల్లరి మీకు తెలుసు, వాడికి ఏ పాట పెడితే నవ్వేవాడో మీకు తెలుసు, బంధువుల్లో సగం మందికి అది తెలియదు. "పోనీలే, బాధ తప్పింది, నీకూ విశ్రాంతి దొరికింది" అని ఆమెకి ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు, మీరు చెప్పకండి. ఆమె తనంతట తాను అంటే మాత్రం ఖండించకుండా వినండి. ఆ మాట ఆమె మీ దగ్గర తప్ప ఇంకెక్కడా అనలేదు. బెంచీ దగ్గరికి వస్తావా అని అడగండి. ఇప్పుడు రానంటే మళ్లీ నెలకి అడగండి. కొందరు తల్లులు తిరిగొచ్చి, కొత్తగా వచ్చిన తల్లులకి అన్నీ నేర్పిస్తారు. కొందరికి ఆ వీధిలోకి రావడమే చేతకాదు. ఏదైనా సరే, ఫోన్ మాత్రం ఆపకండి. ఆమె ఎత్తకపోతే ఒక మెసేజ్ పెట్టండి, జవాబు కోసం నిలదీయకండి.

వాడి వీల్‌చైర్ మీలో ఎవరి బిడ్డకైనా సరిపోతుందని మీకు తట్టే ఉంటుంది. ఆమె నోట వచ్చేదాకా ఆ ఊసెత్తకండి.